సంత జరగని వారం

మా మేనకోడలు పనిచేసే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పోయిన నెల నన్ను పిలిచారు. గోడ మీద తెర వేసి, అందులో రంగురంగుల వలయాలు, బాణాలు చూపిస్తూ ఒకమ్మాయి అడిగింది: "సార్, కొత్త సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా సరిపోయే చిన్న మార్కెట్‌ను మీరు ఎలా కనిపెట్టారు?" నాకు నవ్వొచ్చింది. నా పద్ధతిలో బాణాలేమీ లేవు. ఒక వాగు ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే అరచేతుల్లో చెమట పట్టే ఒక శుక్రవారం ఉంది. అక్కడ సగమే చెప్పి, టీ తాగి వచ్చేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను, ఆ మనుషుల్లో కొందరికి నన్ను తిట్టే ఓపిక ఇంకా ఉంది.

ముందే చెప్పేస్తాను, నేను పిరికివాణ్ణి. ముప్పై ఏళ్లు అమ్మకాల ఉద్యోగం చేసినా, ప్రతి కొత్త తలుపు తట్టే ముందు వీధి చివరిదాకా ఒకసారి నడిచి వచ్చేవాణ్ణి. మొదట నీటి మోటార్లు అమ్మాను, తర్వాత మందులు. చివరి నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఎనిమిది మంది ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేశాను. యజమాని నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. నేను ఆయన్ను సర్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. అలా ఒకరినొకరం గౌరవించుకుంటూ ఇద్దరం మునిగిపోతూ ఉన్నాం.

మేము అమ్మాల్సిన సరుకు చెప్పడానికి చాలా సులువు. ఫోన్‌లో ఒక తేదీ పెడితే, ఆ రోజు రాగానే ఫోన్ మోగి, మనిషి గొంతుతో మాట్లాడుతుంది. "అక్కా, రేపు నీ సూది రోజు" అంటుంది. నెట్‌వర్క్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ఏ భాషలో రికార్డు చేస్తే ఆ భాషలోనే పలుకుతుంది. ఒక అమ్మాయి రెండేళ్లు కూర్చుని ఒంటిచేత్తో దీన్ని తయారు చేసింది. దాన్ని పట్టుకుని హైదరాబాద్‌లో ఎన్ని క్లినిక్‌ల మెట్లెక్కానో నాకే లెక్క లేదు. "ఇలాంటివి ఫోన్‌లో బోలెడున్నాయి కదండీ" అని అందరూ మర్యాదగానే సాగనంపారు.

ఒకరోజు యజమాని తన గదిలోకి పిలిచాడు. "మూడు నెలలు, సార్. ఇది లేకపోతే మాకు గడవదు అనే కస్టమర్ ఒక్కరైనా కావాలి. దొరక్కపోతే ప్రాడక్ట్ మూసేద్దాం." ప్రాడక్ట్ మూసేయడమంటే ఆ అమ్మాయి ఉద్యోగం పోవడమని, దాని వెనకే నాదీ పోతుందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రిటైర్మెంటుకు నాకింకా రెండేళ్లు ఉంది. ఆ వయసులో మళ్లీ మోటార్లు అమ్మే శక్తి లేదని నాకు బాగా తెలుసు.

నెట్‌వర్క్ లేని చోటుకే పోవాలన్నది నా ఆలోచనే. నా చిన్నతనం తెలంగాణ సరిహద్దు పల్లెల్లో గడిచింది కాబట్టి అక్కడి గిరిజనుల దోర్లీ భాష వచ్చు, హిందీ వచ్చు. సరిహద్దు అవతల అడవుల్లోని బస్తర్ పోతానన్నాను. అన్నాక మూడు రాత్రులు నిద్రపోలేదు.

ముందు గీదం వెళ్లాను. నాలుగు దారులు కలిసే ఊరు, దుకాణాలకు కొదవ లేదు. ఒక మందుల షాపు యజమాని నా ఫోన్ చెప్పిందంతా శ్రద్ధగా విని, "చాచా, యహాఁ సబ్‌కే పాస్ నెట్‌వర్క్ హై. ఇక్కడ అందరికీ ఉంది, అడవి లోపలికి పోండి" అని తెలుగూ హిందీ కలిపి చెప్పి, తనే నాకు టీ తెప్పించాడు. లోపలికి పోవడమంటేనే నాకు భయం, కాని ఆయన చెప్పింది నిజం.

అలా జగర్‌గుండా చేరాను. అక్కడ ఒక ముసలి వ్యాపారి చింతపండు మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలకంతా అదే పెద్ద సంత అని, గొడవల కాలంలో ఏళ్ల తరబడి ఆగిపోయిందని చెప్పాడు. నా ఫోన్‌లో తేదీలు చూపిస్తే కళ్లు చికిలించి చూశాడు.

"తారీకు ఏంది సారూ, మాకు సంతే లెక్క. రెండు సంతలకు రమ్మంటే వస్తం. పన్నెండో తారీకు రమ్మంటే ఎవలొస్తరు?"

"మరి సంత ఆగిపోయిన ఏళ్లలో?"

"అప్పుడు మాకు వారాలే లేవు" అన్నాడాయన. "సంత అయితేనే గదా వారం."

నేను నవ్వాను. భలే మాట దొరికిందని నోటుబుక్కులో రాసుకున్నాను, రిపోర్టులో పెడితే యజమాని మెచ్చుకుంటాడని. మాట రాసుకున్నాను గాని అర్థం చేసుకోలేదు. ఈ తప్పు మీరు చేయకండి అని చెబుదామనుకుంటాను గాని, మీరూ చేస్తారు.

ఆ తర్వాత కిష్టారం దాటి ఒక పల్లెకు వెళ్లాను. దాని పేరు చెప్పను. అక్కడ చిన్న ఆరోగ్య కేంద్రం, అందులో ఒకే ఒక నర్సు. తండ్రి ఇనుప గనిలో పనిచేసేవాడట, కాలనీలో పెరిగిన తెలుగు మనిషి. నా ఫోన్ సంగతి సగం చెప్పగానే ఆమె చేతిలోని సూదుల డబ్బా పక్కన పెట్టింది.

"అన్నా, ఇది నాకు కావాలి" అంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చెప్పడం పూర్తి చేయకముందే కావాలన్న మనిషి ఆమె ఒక్కతే. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఆమె బాధ ఏమిటంటే, వాగు అవతల ఊళ్లున్నాయి. వానాకాలం వాగు పొంగితే రోజుల తరబడి దారి ఉండదు. అందుకని నెలలు నిండుతున్న ఆడవాళ్లను కాన్పుకు పది రోజుల ముందే తీసుకొచ్చి ఉంచడానికి కేంద్రం పక్కన ఒక గది కట్టారు. కార్డు మీద తేదీ రాసిస్తుంది. ఆ తేదీకి ఎవరూ రారు. నొప్పులొచ్చాక బయలుదేరుతారు, వాగు దగ్గర ఆగిపోతారు. కిందటేడు ఏం జరిగిందో చెప్పబోయి, "అది వద్దులే" అని కార్డులు సర్దుకుంది.

అప్పుడు నాకు ముసలి వ్యాపారి మాట గుర్తొచ్చింది. నెట్‌వర్క్ దొరికే గుట్ట ఎక్కి హైదరాబాద్ అమ్మాయికి ఫోన్ చేశాను. "తేదీలు తీసేయమ్మా, సంతలు పెట్టు" అన్నాను. ఆమెకు అర్థమయ్యేసరికి నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోవచ్చింది. నాలుగు రోజుల్లో చేసి పంపింది. అక్కడి సంత శుక్రవారం కాబట్టి, ప్రతి శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగి, "ఇంకా నాలుగు సంతలు", "ఇంకా మూడు సంతలు" అని చెబుతుంది. చివరికి "ఇవాళ సంతకు మూట సర్దుకుని రా, ఇక్కడే ఉండిపో" అంటుంది. గొంతు మితానిన్‌ది. ఊళ్లలో ఆరోగ్యం సంగతులు చూసే ఆడమనిషిని అక్కడ మితానిన్ అంటారు. ఆమె దోర్లీలో ఎంత కమ్మగా చెప్పిందంటే, రికార్డు చేస్తుంటే బయట నిలబడ్డవాళ్లు లోపలికి తొంగి చూశారు.

వాగు అవతలి ఊళ్లో తొలిచూలు అమ్మాయి ఒకతె ఉంది. ఐదు సంతల లెక్క పెట్టి ఆమె భర్త ఫోన్‌లోనే మొదట వేశాం. అతను సోలార్ పలకతో చార్జింగ్ పెట్టుకుంటాడు, ఫోన్‌ను గుడ్డలో చుట్టి రొండిన దోపుకుంటాడు. ఇంకొన్ని ఇళ్లలోనూ వేశాం. యజమానికి ఫొటోలు పంపాను. "సూపర్ సార్, ఇదే మన మార్కెట్" అని జవాబొచ్చింది. ఆ వారం నేను రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

మూడో శుక్రవారం పొద్దుటి నుంచీ కుండపోత. సంత మైదానంలో ఒక్క మూట దిగలేదు, ఒక్క బండి రాలేదు. బురదలో రెండు కోళ్లు మాత్రం తిరిగాయి. నేను నర్సు వండిన కిచిడీ తిని, దుప్పటి కప్పుకుని, వాన చప్పుడు హాయిగా వింటూ పడుకున్నాను. ఆ ఖాళీ మైదానాన్ని నా కళ్లతో చూశాను. చూసి కూడా నిద్రపోయాను.

ఐదో శుక్రవారం తేటగా తెల్లారింది. సంత బాగా కూడింది. ఎండుచేపలు, ఉప్పు, వెదురు బుట్టలు, తాడు చుట్టలు. ఆ అమ్మాయి ఇవాళ వస్తుందని నేను పొద్దున్నే గది ఊడ్పించి, రెండో మంచం వేయించాను. ఆమె వచ్చి ఆ మంచం మీద కూర్చుంటే ఫొటో తీసి యజమానికి పంపాలి. మూడు నెలల గడువుకు ఇంక పది రోజులే ఉంది.

పదకొండు గంటలప్పుడు భర్త ఒక్కడే వచ్చాడు. రొండిన ఉన్న ఫోన్ తీసి, గుడ్డ విప్పి, రెండు చేతులతో నాకిచ్చాడు.

"సారూ, మీ ఫోను తప్పు చెప్తంది. బాగుచేసియ్యి."

"ఏం తప్పు తమ్మీ?"

"పొద్దుగాల మోగి, ఇయ్యాలనే రమ్మంటంది. నా లెక్కకు ఇంకో సంత ఉన్నది."

"ఐదు సంతలు చెప్పాం కదా. ఇది ఐదోది."

అతను నా వంక జాలిగా చూశాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "గిది నాలుగోది సారూ. నడుమ వానకు సంత జరగలే గదా. జరగని సంతను మీ ఫోను లెక్కపెట్టుకున్నది."

జగర్‌గుండా ముసలాయన చింతపండు మూటల మధ్య నుంచి నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. పక్కనే ఉన్న మితానిన్ వైపు తిరిగాను. ఆ ఫోన్‌లో గొంతు ఆమెదే.

"నేను గూడ గట్లనే అనుకున్న సారూ" అంది ఆమె మెల్లగా. "సంత జరగకపాయె. ఇంకో వారం ఉన్నదనుకున్న."

నర్సు లోపల పిల్లలకు సూదులు వేస్తోంది. పరుగున వెళ్లి చెప్పాను. ఆమె కార్డుల కట్ట తీసి తేదీ చూసి, నొసలు ముడిచింది. "వారం ఆగితే నెలలు పూర్తిగా నిండిపోతాయి అన్నా. తొలిచూలు, ముందే రావచ్చు." అంటూ కిటికీలోంచి ఆకాశం చూసింది. నేనూ చూశాను. వాగు పుట్టే గుట్టల మీద అప్పటికే నల్లగా కమ్ముకుని ఉంది. ఇక్కడ ఎండ కాస్తోంది, అక్కడ వాన పడుతోంది.

"పొద్దున నువ్వు వచ్చేటప్పుడు వాగు ఎంత ఉంది?" అని అతన్ని అడిగాను.

"పిక్కల దాకా."

అంతే, అతనికి వేరే ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అతను కూడా గుట్టల వైపు చూశాడు. కొన్న ఉప్పు మూట నా చేతిలో పడేసి పరుగెత్తాడు.

ఆ తర్వాత ఎవరేం చేశారో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. టీ కొట్టు ముందున్న నులక మంచం మితానిన్ లాగేసింది, దాని మీద కూర్చున్నవాళ్లు లేస్తూ ఎందుకని కూడా అడగలేదు. తాళ్లమ్మే ఆయన ఒక చుట్ట భుజాన వేసుకుని మాతో వచ్చాడు. సంతకు వచ్చినవాళ్లలో నలుగురు మగవాళ్లు వెదురు బొంగు పట్టుకుని ముందు నడిచారు. నేను వెనక, ఉప్పు మూట ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని చంకలో పెట్టుకునే పరుగెత్తాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఫోన్ లేకపోయి ఉంటే అతను ఇవాళ భార్య దగ్గరే ఉండేవాడు. నా ఫోన్ బాగుచేయించడానికి వచ్చాడు. ఆమె వాగు అవతల ఉండిపోయింది. ఇది నేను చేసిన పని.

వాగు దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు ఎర్రగా, నడుము లోతు పారుతున్నాయి. భర్త ఈవల గట్టున నిలబడిపోయి ఉన్నాడు. ఎందుకు దిగలేదో అనుకుంటూ అతను చూస్తున్న వైపు చూశాను.

అవతలి గట్టున ఇద్దరు ఆడవాళ్లు. ముసలామె నెత్తిన మూట పెట్టుకుని నిలబడింది. చిన్నామె బండ మీద కూర్చుని, రెండు చేతులతో కడుపు కింద పట్టుకుని ఉంది.

ఇప్ప చెట్టుకు తాడు కట్టారు. ముగ్గురు దాన్ని పట్టుకుని, మంచం మోసుకుంటూ అవతలికి దాటారు. మంచానికి బొంగు కట్టి, ఆమెను కూర్చోబెట్టి, భుజాలకెత్తుకున్నారు. తాడు సడలకుండా పట్టుకోమని నాకు చెప్పారు. నాకు ఈత రాదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, కళ్లు మూసుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను. వాగు నడుమ ముందున్న మనిషి కాలు జారింది. మంచం ఒరిగింది. మితానిన్ నా వెనక నుంచి ఒక్క కేక పెట్టింది. మంచం మీది అమ్మాయి మాత్రం అరవలేదు, రెండు చేతులతో బొంగు పట్టుకుని పళ్లు బిగబట్టింది. భర్త నీళ్లలోకి దూకి మంచం కోడును భుజానికెత్తాడు. మణికట్టు మీద ఆ తాడు గుర్తు చాలా రోజులు ఉంది.

ఈవల గట్టు మీద మంచం దించగానే భర్త వణుకుతూ ముందు అడిగింది ఇదీ: "ఇంకో సంత ఉన్నది గదనే, ఎట్ల బయలెల్లినవ్?"

"నీ సంతేంది, నీ ఫోనేంది" అంది ఆమె రొప్పుతూ. "నువ్వు పోయినంక బిందె ఎత్తబోయిన. కడుపు కిందికి జారింది. అత్తకు చెప్పిన. నడువు బిడ్డా అన్నది, నడిసినం." తర్వాత నా వైపు తిరిగి, ఎర్రబడ్డ కళ్లతో అంది: "సారూ, మీ ఫోనుకేమన్న కడుపున్నదా? దానికేం తెలుస్తది?"

ఆ ఐదు వారాల్లో భర్తను అడిగాను, మితానిన్‌ను అడిగాను, నర్సును రోజూ అడిగాను. ఆ అమ్మాయితో ఒక్క మాట మాట్లాడిన గుర్తు లేదు. ఆమె ఇంట్లోని ఫోన్‌తో మాట్లాడాను, ఆమెతో కాదు.

పొద్దు గుంకకముందే ఆడపిల్ల పుట్టింది. నర్సు బయటికొచ్చి, "ఇద్దరూ బాగున్నారు" అని, అక్కడే మెట్ల మీద కూలబడింది. వాగు ఆరు రోజుల వరకు తగ్గలేదు. రోజుకు రెండుసార్లు వెళ్లి చూసి వచ్చేవాణ్ణి.

ఇక రిపోర్టు రాయాలి. ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. కాగితం మీద చూస్తే మా సాఫ్ట్‌వేర్ గెలిచింది. శుక్రవారం రమ్మని ఫోన్ చెప్పింది, శుక్రవారమే ఆమె వచ్చింది, తల్లీబిడ్డా క్షేమం. అబద్ధం ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేదు. అలాగే రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. హైదరాబాద్ అమ్మాయి ఉద్యోగం నిలబడుతుంది, నాదీ నిలబడుతుంది. నర్సుకు చూపించాను. ఆమె చదివి, మడిచి, నా జేబులో పెట్టింది.

"ఇలా పంపితే దీన్ని ఎవరూ బాగుచేయరు అన్నా" అంది. "బాగుచేయకుండా ఇంకో ఊరికి ఇస్తారు. నాకిది కావాలి, కానీ ఇలా కాదు. బాగుచేసి ఇచ్చేదాకా నిన్ను పోనివ్వను."

గుట్ట ఎక్కాను. జరిగిందంతా ముందు హైదరాబాద్ అమ్మాయికి చెప్పాను, తర్వాత యజమానికి.

"అంటే ప్రాడక్ట్ ఫెయిలయినట్టా, సార్?"

"ఫెయిలయింది సర్. కానీ మీరు అడిగిన మనిషి దొరికింది. ఇది లేకపోతే గడవదంటోంది. బాగుచేయకపోతే నన్ను కదలనివ్వనంటోంది."

ఆయన నవ్వాడో, నిట్టూర్చాడో, ఆ సిగ్నల్‌లో తెలియలేదు. "ఏం బాగుచేయాలి?" అన్నాడు. ఆ ప్రశ్నతో ఇంకో ఆరు నెలలు వచ్చాయి. తర్వాత అలాంటి వాగులున్న ఇంకొన్ని ఊళ్లకు వెళ్లాం. పెద్ద వ్యాపారం ఎప్పుడూ కాలేదు. నా రెండేళ్లు మాత్రం గడిచాయి, హైదరాబాద్ అమ్మాయి ఇప్పటికీ ఆ కంపెనీలోనే పనిచేస్తోంది.

బాగుచేసింది రెండే. ఒకటి, ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ ఒక ప్రశ్న అడుగుతుంది: "ఇవాళ సంత జరిగిందా?" జరగలేదంటే, "సంత జరగకపోయినా వారం గడిచింది, ఒకటి తగ్గించుకో" అని చెబుతుంది. రెండోది ఆ బాలింత గొంతు. ఊరికి తిరిగి వెళ్లే ముందు, మంచం మీద కూర్చుని, పిల్లకు పాలిస్తూనే రికార్డు చేసింది. ఏం చెప్పాలో రాసిస్తానంటే వద్దంది.

గోడ మీద బాణాలు చూపించిన ఆ అమ్మాయికి నేను ఇదే వినిపించి ఉండాల్సింది. ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. దోర్లీలో ఆమె చెప్పిన దానికి మన మాట ఇది: "అక్కా, సంతల లెక్క ఈ ఫోన్ చెప్తది, విను. కడుపు కిందికి జారిందని నీకు అనిపిస్తే మాత్రం ఫోన్‌ను అడగకు, మొగణ్ణి అడగకు. మూట కట్టుకుని నడువు."

చివర్లో పిల్ల ఏడుపు వినిపిస్తుంది. దాన్ని తీసేయనా అంకుల్ అని హైదరాబాద్ అమ్మాయి అడిగింది. ఉంచమన్నాను.